భూసార పత్రమందలి అంకెకు కొలబద్ద యేది?

అంగడిలో ధాన్యము కొలుచునపుడు కొలపాత్ర సరియైనదా కాదా యని చూడని రైతు లేడు. హిందూపురపు మార్కెట్టునకు పట్టుగూళ్లు తీసికొనిపోయినవాడు కాటా సున్నవద్ద నిలిచియున్నదని కన్నులార చూచిన పిమ్మటనే బుట్ట నెక్కించును. తూనికరాతికి ముద్ర లేనిచో ప్రశ్నించును. అట్టి జాగరూకుడైన రైతే, భూసార పరీక్షా కేంద్రమునుండి వచ్చిన పత్రమును చేతపట్టుకొన్నపుడు మాత్రము అందలి అంకెలను బ్రహ్మవ్రాతవలె నమ్ముచున్నాడు. లేదా, చూడకయే మడచి యింటికప్పున చెక్కివైచుచున్నాడు. ఈ రెండును తగవు. ఆ అంకె దేనితో సరిచూడబడినదో అడుగు హక్కు రైతునకు గలదు. అడిగి తెలిసికొను భారము సహకార సంఘములపై నున్నది. ఇదియే యీ వ్యాసమందు మేము నివేదింపదలచిన మాట.

హిందూపురము, పెనుకొండ, ధర్మవరము ప్రాంతముల నేలలు చాలవరకు ఎఱ్ఱని ఇసుకపాలు నేలలు. వానపై నాధారపడిన వేరుసెనగ యొకవైపు, బోరుబావులక్రింద మల్బరియు కూరగాయలును మఱియొకవైపు. వర్షము తక్కువ, అప్పు ఎక్కువ. ఇట్టిచోట అక్కరలేని యెరువునకు వెచ్చించిన రూపాయి తిరిగి రాదు. అక్కరయున్న యెరువును మానినచో పంటయే రాదు. 2015 ఫిబ్రవరి 19వ తేదీన రాజస్థానములోని సూరత్‌గఢ్‌లో ప్రారంభమైన భూసార పత్రముల పథకము క్రింద ప్రతి పత్రమునందు పండ్రెండు అంశములు వ్రాయబడుచున్నవి. వానిలో నత్రజని, భాస్వరము, పొటాషు, గంధకము, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాను అనునవి తొమ్మిది పోషకములు. ఆ పథకపు తొలి విడతలలో నీటిపారుదల గల భూమికి రెండున్నర హెక్టార్లకు ఒక నమూనాయు, మెట్టభూమికి పది హెక్టార్లకు ఒక నమూనాయు తీయవలెనని నిర్ణయించిరి. అనగా, మెట్టరైతుల విషయమున ఒక్క అంకె తప్పిపోయినచో ఆ తప్పు ఇరువదియైదు ఎకరములపై బడును. కావున ఆ యంకె యెట్లు పుట్టునో తెలిసికొనుట విద్వాంసుల వినోదము గాదు. సంఘ సభ్యుల జమాఖర్చులకు సంబంధించిన పని.

ఉదాహరణమునకు జింకును దీసికొందము. ప్రయోగశాలలో పది గ్రాముల మట్టియందు డి.టి.పి.ఏ. అను ద్రావణమును ఇరువది మిల్లీలీటర్లు పోసి, రెండు గంటలసేపు కుదిపి, వడగట్టి, తేటను దీయుదురు. 1978లో లిండ్సే, నార్వెల్ అను అమెరికా శాస్త్రజ్ఞులు ప్రకటించిన పద్ధతి యిది. ఆ తేటను యంత్రము మంటలోనికి పీల్చి, జింకు పరమాణువులు వెలుతురును ఎంత మ్రింగినవో చూపును. మ్రింగబడిన వెలుతురునుబట్టి ధాతువును లెక్కించు నీ మార్గమును 1955లో ఆస్ట్రేలియా దేశమున అలన్ వాల్ష్ అను శాస్త్రజ్ఞుడు లోకమునకు వెల్లడించెను.

ఇచట గమనింపవలసిన సంగతి యొకటి గలదు. యంత్రమునకు తెలిసినది వెలుతురు మాత్రమే. దాని అంకెను జింకుగా మార్చుటకు నడుమ ఒక మధ్యవర్తి కావలెను. జింకు ఎంత యున్నదో ముందే తెలిసిన ద్రావణములు కొన్ని చేసి, వానిని యంత్రమునకు చూపి, ఏ ద్రావణమునకు ఏ యంకె వచ్చినదో కాగితముపై గుర్తించి, ఆ గుర్తులగుండ నొక గీత గీయుదురు. ఆ ద్రావణములను ప్రమాణ ద్రావణములనియు, ఆ గీతను ప్రమాణరేఖ యనియు అందము. రైతు మట్టితేటకు యంత్రము చూపిన యంకెను ఈ రేఖమీద బెట్టి, జింకు ఇంత యని చదువుదురు. నేడు కాగితమునకు బదులు కంప్యూటరు ఈ గీతను గీయుచున్నది. కాని యే ప్రమాణములు వాడవలెను, గీత తిన్నగా నుండవలెనా వంగవలెనా, సున్నగుండ పోవలెనా కూడదా యను నిర్ణయములు మనుష్యుడే చేయవలెను. కంప్యూటరు అడిగిన గీతను గీయును. అది తగిన గీత యగునో కాదో చెప్పదు.

ఈ నిర్ణయమున గల మంచిచెడ్డలు లెక్కలో చూచినగాని తెలియవు. ఈ క్రింది లెక్క వివరించుటకై మేము కల్పించినది. కాని యిందు చూపిన గుణము యంత్రములకు సహజమైనదే. ఒక ప్రయోగశాలలో లీటరునకు 1, 2, 3, 4, 5 మిల్లీగ్రాముల జింకు గల యైదు ప్రమాణ ద్రావణములు చేసిరనుకొందము. వానికి యంత్రము వరుసగా 0.20, 0.38, 0.54, 0.68, 0.80 అని చూపినది. మొదటి మిల్లీగ్రామునకు 0.20 పెరిగిన యంకె, చివరి మిల్లీగ్రామునకు 0.12 మాత్రమే పెరిగినది. గాఢత హెచ్చినకొలది రేఖ క్రిందికి వంగుట వీనియందు మామూలు. అయినను, ఆ యైదు గుర్తుల నడుమ తిన్నని గీతను గీచినచో, గణితజ్ఞులు చూచు సహసంబంధ సంఖ్య 0.997 వచ్చును. ఒకటికి మూడు వేయవవంతులే తక్కువ! చూచినవారందరు "భేషు" అందురు.

ఇపుడు పెనుకొండ మెట్టచేని మట్టి యొకటి వచ్చినదనుకొందము. దానియందు కిలోగ్రామునకు సరిగా 1.0 మిల్లీగ్రాము జింకు గలదు. జింకు విషయమున 0.6 అనునది సాధారణముగా వాడు హద్దు. అంతకు తక్కువైన నేలకు జింకు వేయవలెననియు, ఎక్కువైనచో అక్కరలేదనియు చెప్పుదురు. కాబట్టి యీ చేనికి జింకు అక్కరలేదు. పది గ్రాములకు ఇరువది మిల్లీలీటర్లు పోసితిమి గనుక, తేటలో లీటరునకు 0.5 మిల్లీగ్రాము వచ్చును. యంత్రము దానికి 0.1025 అని చూపును. ఈ యంకెను పై తిన్నని గీతమీద చదివినచో తేటలో 0.22, మట్టిలో 0.43 అని వచ్చును! నేల చాలినంత కలిగియుండగా పత్రమున "లోపము" అని పడును. ఎకరమునకు ఇరువది కిలోల జింకు సల్ఫేటు వేయుమని సలహా వచ్చును. మెట్టభూమికి ఒక నమూనా ఇరువదియైదు ఎకరములకు గనుక, అయిదువందల కిలోలు, అనగా పది బస్తాలు, నిష్కారణముగా కొనవలసివచ్చును. పుల్లనేలలలో జింకు మితిమీరినచో వేరుసెనగ సహింపలేదను సంగతియు మరువరాదు.

"అయితే గీతను సున్నగుండ పోనిండు, జింకు లేనిచో యంత్రము సున్నయే గదా చూపవలెను" అని కొందరు చెప్పుదురు. వినుటకు న్యాయముగానే యున్నది. చేసిచూతము. అవే యైదు ప్రమాణములతో గీతను సున్నకు కట్టివేసినచో, మన చేని జింకు 1.0కు బదులు 1.21 అగును. ఇదియు తప్పే గాని నిర్ణయము చెడలేదు. కాని ప్రక్కచేనిలో జింకు 0.56 మాత్రమే యున్నదనుకొందము. దానికి ఎరువు అవసరము. తేటలో 0.28 గదా, యంత్రము చూపు అంకె 0.058. సున్నకు కట్టిన గీత దీనిని 0.69 అని చదువును. లోపమున్న చేనికి "చాలును" అను తీర్పు! మొదటి గీత అక్కరలేనివానిచే కొనిపించినది. రెండవ గీత అక్కరయున్నవానికి వలదన్నది. మట్టి యదే, యంత్ర మదే, పనివా డతడే. మారినది గీత మాత్రమే.

మూడవ మార్గమును చూడుడు. ప్రమాణ ద్రావణములను 0, 0.2, 0.4, 0.6, 0.8, 1.0గా చేసికొని, ఆ కొంచెపు మేరలో తిన్నని గీత గీచినచో, మొదటి చేను 1.01 అనియు, రెండవ చేను 0.57 అనియు వచ్చును. రెండు తీర్పులును సరియైనవి. ఇందులకై క్రొత్త యంత్రము కొననక్కరలేదు. రైతు మట్టి యే మేరలో నుండునో ఆ మేరకు దగిన ప్రమాణములు చేయుటయే జరిగినది. గూడ్సుబండ్లను తూచు వేబ్రిడ్జిమీద కంసాలి బంగారమును తూచడు. వేబ్రిడ్జి చెడ్డదని గాదు, దాని పని వేరు.

ఇందుండి మేము గ్రహించిన సూత్రమిది: ఏ అంకెవద్ద రైతు "వేయుదునా, మానుదునా" యని నిర్ణయించుకొనునో, ఆ అంకె చుట్టును రేఖ బలముగా నుండవలెను. హద్దునకు క్రిందను, హద్దువద్దను, హద్దునకు పైనను ప్రమాణ ద్రావణములు ఉండితీరవలెను. సహసంబంధ సంఖ్య 0.99 దాటినదని తృప్తిపడుట చాలదు. ఆ సంఖ్యయందు పెద్ద అంకెల మాటయే చెల్లును. ఊరి సభలో పెద్ద భూస్వాముల గొంతుక వినబడి చిన్నరైతు మాట వినబడనట్లు, గాఢమైన ద్రావణములు గీతను తమవైపు లాగుకొని, హద్దువద్దనున్న చిన్న అంకెలను గాలికి వదలివేయును. దీనికి ప్రతిక్రియగా చిన్న అంకెలకు ఎక్కువ తూకమిచ్చి గీతను గీయు పద్ధతియు గలదు. ఎక్కువ మేర తప్పనిసరియైనపుడు అదియు, వంపురేఖయు వాడవచ్చును. కాని వంపురేఖకు గుర్తులు ఎక్కువ కావలెను. మూడు నాలుగు గుర్తులమీద గీచిన వంపు పనివాని ముచ్చటను దీర్చునేగాని మట్టి సంగతి చెప్పదు. ఏ రేఖనైనను చివరి ప్రమాణమునకు ఆవల పొడిగించి చదువరాదు. తేట గాఢమైనచో పలుచనచేసి మరల చూడవలెను.

జింకునకు చెప్పినది తక్కిన పోషకములకు మక్కికి మక్కిగా వర్తింపదు. ప్రతిదానికిని దాని రేఖ దానిదే. భాస్వరమును 1954లో ఓల్సెన్ మొదలగువారు తెలిపిన పద్ధతిని రెండున్నర గ్రాముల మట్టికి ఏబది మిల్లీలీటర్ల సోడియం బైకార్బనేటు ద్రావణము పోసి దీయుదురు. అనగా మట్టికి ఇరువది రెట్లు. తేటను చదువుటలో లీటరునకు 0.1 మిల్లీగ్రాము పొరపాటు పడినచో, అది మట్టిలో కిలోగ్రామునకు 2 మిల్లీగ్రాములై, హెక్టారునకు సుమారు నాలుగున్నర కిలోల భాస్వరమగును. హెక్టారునకు పది కిలోలకు లోబడినచో "తక్కువ" యనెడి తరగతిలో వేయుదురు గదా. పదింట నాలుగున్నర తప్పు చిన్నదా? పొటాషును మంటరంగునుబట్టి కొలుచు ఫ్లేమ్ ఫోటోమీటరున రేఖ పైకిపోయినకొలది వంగుట తరచు. అందు తిన్నని గీతకై పట్టుపట్టుటకంటె, ప్రమాణములు ఎక్కువ పెట్టి వంపును వంపుగనే గీయుట, లేదా తేటను పలుచనచేయుట మేలు.

నీటిలోని ఫ్లోరైడు సంగతి ఇంకను వేరు. మన సీమలోని పెక్కు గ్రామముల బోరునీటియందు అది మితిమీరియుండుట అందరెరిగినదే. 1937లోనే నెల్లూరు సీమలో ఈ బాధను వైద్యులు గుర్తించి ప్రకటించిరి. త్రాగునీటిలో లీటరునకు 1 మిల్లీగ్రాము మించకుండుట మంచిదనియు, వేరు నీరు లేనిచో 1.5 వరకు సహింపవచ్చుననియు భారతీయ ప్రమాణముల సంస్థ నిర్ణయము. దీనిని కొలుచు విద్యుత్ కడ్డీ అంకెకు అంకెగా గాక, పదిరెట్లకు ఒక మెట్టుగా పలుకును. అట్టిదానికి మామూలు తిన్నని గీత పనికిరాదు. లాగరితము లెక్కన గీచిన గీత కావలెను. ధర్మవరపు పట్టుచీరల జరీలోని వెండిబంగారములను ఎక్స్-రే యంత్రముతో పరీక్షించువారికిని ఇదే ధర్మము. నగల బంగారమునకై గీచిన రేఖ, దారముమీద చుట్టిన వెండితీగెకు పూసిన పలుచని బంగారమునకు సరిపడదు. ఏ పదార్థమును కొలుతుమో ఆ పదార్థమును బోలిన ప్రమాణములే కావలెను.

ఈ పోలిక యను మాట మట్టితేటలకు మఱింత ముఖ్యము. ప్రమాణ ద్రావణములను శుద్ధజలమున చేసి, మట్టితేటను మాత్రము ఉప్పులతో గూడిన ద్రావణమున దీసినచో, రెండును యంత్రమునకు ఒకే తీరుగ కనబడవు. కావున డి.టి.పి.ఏ. తేటకు డి.టి.పి.ఏ. యందును, పొటాషు తేటకు అమ్మోనియం అసిటేటునందును ప్రమాణములు చేయవలెను. చవుడునేలలనుండియు ఉప్పుబోరులనుండియు వచ్చిన నమూనాలపై అనుమానమున్నచో సులభమైన పరీక్ష యొకటి గలదు. తేటను రెండు భాగములు చేసి, ఒకదానిలో తెలిసినంత ధాతువును కలుపవలెను. 0.5 కలిపినపుడు అంకె 0.5 పెరుగవలెను. 0.4 మాత్రమే పెరిగినచో ఉప్పులు అడ్డుపడుచున్నవని తెలియును. అపుడు ఆ తేటలోనే పలుమార్లు కలిపి, ఆ పెరుగుదలతోనే రేఖ గీయుట శ్రేయస్కరము.

దీనికి ప్రతివాదములు లేకపోలేదు. "పొలములో మట్టి తీయుటలోనే ఇంతకన్న పెద్ద తప్పులు జరుగుచుండగా, ప్రయోగశాలలో వెండ్రుకలు లెక్కపెట్టనేల?" యని అందురు. మట్టి తీయుటలో తప్పులు జరుగుట నిజము. గట్టుప్రక్కను, పెంటకుప్ప వద్దను తీసిన మట్టి యే యంత్రమునకును సత్యము చెప్పదు. కాని ఆ తప్పు ఒకచోట హెచ్చుగను, ఒకచోట తగ్గుగను పడును. పది పదునైదుచోట్ల తీసి కలిపినచో చాలవరకు సర్దుకొనును. గీతలోని తప్పు అట్టిది గాదు. ఆనాడు పరీక్షింపబడిన నమూనాల నన్నిటిని అది ఒకేవైపు త్రోయును. వంద నమూనాలు సగటుచేసినను అది పోదు. తప్పుడు తూనికరాతితో నూరుమార్లు తూచిన న్యాయము వచ్చునా?

"పరీక్షా కేంద్రములలో పనివారు తక్కువ, నమూనాలు వేలు, ఇన్ని నియమములు సాగునా?" యనునది రెండవ మాట. పనివారి కష్టమును మేము తక్కువచేయుట లేదు. కాని ఆరు ప్రమాణములు తక్కువ మేరలో చేయుటకు, అయిదు ప్రమాణములు ఎక్కువ మేరలో చేయుటకు శ్రమలో భేదమెంత? ప్రతి పది ఇరువది నమూనాల కొకసారి తెలిసిన ద్రావణమును పెట్టి రేఖ నిలిచియున్నదా యని చూచుటకు కొన్ని నిమిషములు చాలును. వేల పత్రములు త్వరగా పంచి రైతును త్రోవ తప్పించుటకంటె, కొన్ని తక్కువ పంచినను సరియైనవి పంచుటయే మేలని మా యభిప్రాయము.

"రైతులకిది తెలియునా?" యనునది మూడవ మాట. వడ్డీ లెక్కలు తెలిసిన రైతునకు, కాటా తెలిసిన రైతునకు, ఇది తెలియకపోవుటకు కారణము లేదు. చెప్పువారు లేకపోవుటయే కొరత.

కావున సంఘములు చేయదగిన పనులు కొన్నింటిని మనవి చేయుచున్నాము. మొదటిది: నమూనాలు పంపునపుడే సంఘ కార్యదర్శి పరీక్షా కేంద్రమును నాలుగు ప్రశ్నలు అడుగవలెను. మీ ప్రమాణ ద్రావణములలో అన్నిటికన్న తక్కువదియు, ఎక్కువదియు ఎంత? ఆ ప్రమాణములు మట్టితేట దీసిన ద్రావణమునందే చేసినవా? నడుమ నడుమ రేఖను సరిచూచుచున్నారా? రేఖకు పైబడినవానిని పలుచనచేసి చూచుచున్నారా, క్రిందబడినవానిని "ఇంతకు తక్కువ" యని వ్రాయుచున్నారా? శ్రద్ధగల పనివాడు ఈ ప్రశ్నలకు కోపగింపడు. తన పనిని తెలిసినవారు అడిగిరని సంతసించును.

రెండవది: ప్రతి యిరువదియైదు నమూనాలలో ఒకదానిని రెండు సంచులలో నింపి, వేర్వేరు సంఖ్యలు వేసి పంపవలెను. ఒకే మట్టికి రెండు తీర్పులు వచ్చినచో కారణము అడుగవచ్చును.

మూడవది: ప్రతి సంఘమును తమ గ్రామపు మట్టిని పది కిలోలు తెచ్చి, నీడలో నార్చి, జల్లించి, బాగుగ కలిపి, మూతగల డబ్బాలో భద్రపరచవలెను. నమూనాలు పంపునపుడెల్ల అందుండి అరకిలో తీసి, మామూలు సంఖ్యతో కూడ పంపవలెను. ఆ మట్టి మారలేదు గనుక దాని అంకెయు పెద్దగా మారరాదు. ఒకయేడు 0.5 అనియు, మరుయేడు 0.9 అనియు వచ్చినచో మారినది మట్టి కాదు, గీత. ఖర్చు ఒక డబ్బా, లాభము ఊరందరిది. ఆ అంకెలను సంఘపు పుస్తకమునందు ఏటేట వ్రాసియుంచినచో, అదియే మన తూనికరాతికి మనము వేసికొన్న ముద్ర యగును.

నాలుగవది: హద్దునకు మిక్కిలి దగ్గరగా వచ్చిన అంకెలను చూచి తొందరపడరాదు. జింకు 0.58 వచ్చిన చేనికిని, 0.62 వచ్చిన చేనికిని భేదమున్నదని ఏ రేఖయు గట్టిగా చెప్పజాలదు. అట్టిచోట చేనిలో ఒక సాలు ఎరువు వేసి, ప్రక్కసాలు వేయక విడిచి, పంటనే సాక్ష్యమడుగుట ఉత్తమము.

యంత్రములు వచ్చుచున్నవి, పోవుచున్నవి. నేడు ఒకేసారి పలు ధాతువులను చూపు ఐ.సి.పి. యంత్రములును వచ్చినవి. వెల హెచ్చినకొలది యంత్రముమీద నమ్మకము హెచ్చుట లోకసహజము. కాని ఎంత వెలగల యంత్రమైనను తాను చూచిన వెలుతురును మాత్రమే చెప్పును. దానికి అర్థము చెప్పునది ప్రమాణరేఖయే. తూనికయందు మోసపోనొల్లని రైతు పరీక్షయందును మోసపోరాదు. వచ్చు ఖరీఫునకు నమూనాలు పంపుటకు ముందే మన సంఘముల సర్వసభ్య సమావేశములలో ఈ విషయమును చర్చకు దెచ్చి, తీర్మానించి, ఆచరణలో బెట్టుదురుగాక.